మే నెలలో తిరుపతి నుంచి ఒక పూట కాదు, రోజంతా సాగే సైకిలు యాత్ర: దారి, వేళ, విరామం ఎలా నిర్ణయించుకోవాలి?

తిరుపతి సైకిలు బృందం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తిరుపతిలో మేము నడుపుకుంటున్న చిన్న సైకిలు బృందం తరఫున ఈ ప్రశ్న అడుగుతున్నాను. మామూలుగా ఆదివారాలు తెల్లవారుజామున బయలుదేరి తిరుచానూరు వైపో, శ్రీనివాస మంగాపురం వైపో వెళ్ళి, ఎండ ముదరక ముందే ఇళ్ళకు చేరుకుంటాము. పిల్లలకు బడి సెలవులు ఉండేదీ, ఉద్యోగాల మీద బెంగళూరు, చెన్నైలలో ఉన్న మా పాత సభ్యులు ఇంటికి వచ్చేదీ వేసవిలోనే కాబట్టి, ఈసారి మే నెల మూడవ ఆదివారం నాడు ఉదయం నుంచి సాయంత్రం దాకా పల్లెల మీదుగా సాగే యాత్ర పెట్టుకుందామని అందరూ కోరుతున్నారు. ఇరవై అయిదు మంది దాకా వస్తారు. వారిలో తండ్రులతో కలిసి వచ్చే ఎనిమిదో తరగతి పిల్లలు ఉన్నారు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు ఉన్నారు, గేర్ల సైకిలు మీద గంటకు పాతిక కిలోమీటర్లు సునాయాసంగా తొక్కే కుర్రవాళ్ళూ ఉన్నారు. సైకిళ్ళు కూడా అలాగే రకరకాలు.

మా ఆలోచనలో మూడు దారులు ఉన్నాయి. మొదటిది రేణిగుంట, పాపానాయుడుపేట మీదుగా గుడిమల్లం. రెండవది శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి మీదుగా పనపాకం వైపు, వీలైతే దామలచెరువు దాకా. మూడవది రామచంద్రాపురం మీదుగా రాయలచెరువు. ఏ దారిన వెళ్ళినా మొత్తం 80 కిలోమీటర్లు తొక్కాలని కుర్రవాళ్ళ పట్టుదల. నాకు మాత్రం దూరం కంటే మిగిలిన విషయాల మీదే బెంగగా ఉంది. మధ్యాహ్నం ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, నిదానంగా తొక్కేవారు వెనకబడి ఒంటరిగా మిగిలిపోకుండా ఏమి చేయాలి, అసలు మే నెలలో ఇంతమందిని వెంటబెట్టుకొని రోజంతా బయట తిప్పడం సబబేనా అన్నవి నా సందేహాలు. ఈ ప్రాంతంలో ఇలాంటి యాత్రలు నడిపిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

చిత్తూరు పాతదారి (సమాధానం)

మీ చివరి సందేహంతోనే మొదలు పెడతాను. మే నెలలో పెట్టుకోవచ్చు. అయితే దూరాన్ని ముందు నిర్ణయించుకొని దానికి వేళను సర్దుకోవడం కాకుండా, ఎండ మనకు విడిచిపెట్టే వేళ ఎంతో ముందు లెక్కగట్టి, అందులో పట్టినంత దూరమే తొక్కాలి. మే మధ్యలో తిరుపతిలో సూర్యోదయం సుమారు 5.45కు అవుతుంది. అంతకు ఇరవై నిమిషాల ముందే దారి కనిపించేంత వెలుతురు వస్తుంది. తొమ్మిదిన్నర దాటితే ఎండ చుర్రుమంటుంది. అంటే ఉదయం మీ చేతిలో ఉన్నది నాలుగు గంటలు. నీళ్ళకూ, టిఫినుకూ, ఒకటి రెండు పంక్చర్లకూ గంట తీసేస్తే తొక్కేది మూడు గంటలే. మీ బృందంలో అందరికంటే నిదానంగా తొక్కేవారు గంటకు 13 కిలోమీటర్లు వెళ్ళగలరనుకుంటే, ఉదయం పూట మీ యాత్ర 40 కిలోమీటర్లు. సాయంత్రం నాలుగున్నరకు ముందు బయలుదేరవద్దు. రోజులో వేడి పతాక స్థాయికి చేరేది రెండుకూ నాలుగుకూ మధ్యనే. ఆ తర్వాత కూడా తారురోడ్డు కింది నుంచి సెగ కొడుతూనే ఉంటుంది. సూర్యాస్తమయం ఆరున్నర ప్రాంతంలో కాబట్టి, సాయంత్రానికి 15 కిలోమీటర్లకు మించి మిగల్చకండి. మొత్తం 55. ఈ లెక్కలో 80 ఎక్కడా పట్టదు.

ఇక దారి. గుడిమల్లం వద్దని నేను చెప్పడానికి కారణం దారిలోని లారీలు మాత్రమే కాదు, సూర్యుడు కూడా. గుడిమల్లం తిరుపతికి తూర్పున ఉంది. ఉదయం వెళ్ళేటప్పుడు ఎండ సూటిగా కళ్ళలో పడుతుంది, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు పడమటి సూర్యుడు మళ్ళీ కళ్ళలోనే పడతాడు. మనకు కనిపించకపోవడం ఒక ఎత్తయితే, మన వెనుక నుంచి వచ్చే డ్రైవరుకు కూడా అదే ఎండ కళ్ళలో పడి, ముందున్న సైకిలు ఆనకపోవడం అంతకంటే ప్రమాదం. చంద్రగిరి దారి పడమరగా వెళుతుంది కాబట్టి ఉదయమూ సాయంత్రమూ కూడా సూర్యుడు మీ వీపు వెనుకే ఉంటాడు. వెనుక నుంచి వచ్చేవారికి మీరు పట్టపగలులా కనిపిస్తారు. అయితే సాయంత్రం ఎదురుగా వచ్చే బండ్లవారికి అస్తమించే సూర్యుడు కళ్ళలో ఉంటాడని మరిచిపోకండి. కూడళ్ళలో కుడివైపు తిరగవలసి వస్తే దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటించండి. ఈ దారికి ఉన్న లోటు ఒక్కటే. మే నెలలో కొన్ని సాయంత్రాలు తూర్పు నుంచి సముద్రపు గాలి ఇక్కడి దాకా తోసుకొస్తుంది, అది మీకు ఎదురుగాలి అవుతుంది. పదిహేను కిలోమీటర్లే కాబట్టి భరించవచ్చు. పైగా చల్లగా ఉంటుంది.

గుడిమల్లాన్ని వదులుకోమని మాత్రం అనను, డిసెంబరుకు దాచుకోండి. గజపృష్ఠాకారంలో ఉన్న ఆ గర్భాలయం, నేలమట్టానికి దిగువన నిలిచిన శివలింగం, ఆ లింగం మీద యక్షుడి భుజాలపై నిలబడి ఉన్న శివుడి రూపం, ఇవన్నీ తీరికగా చూడవలసినవి. దారిలో పాపానాయుడుపేట గాజు పూసల తయారీకి ఎప్పటి నుంచో పేరుపడిన ఊరు. ఎండకు తల మాడిపోయి వెళితే ఇవేవీ కంటికి ఆనవు. రాయలచెరువు కూడా అంతే. 2021 నవంబరు వరదలలో గండి పడుతుందేమోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించిన అంత పెద్ద చెరువు, వానలు పడ్డాక నిండుగా ఉన్నప్పుడు చూడాలి గాని, నీడ లేని కట్ట మీద మే నెలలో ఏముంటుంది?

కాబట్టి నా సలహా ఇది. తెల్లవారుజామున 5.30కు తిరుపతిలో కదలండి. శ్రీనివాస మంగాపురంలో కళ్యాణ వేంకటేశ్వరుని గుడి బయట మొదటిసారి ఆగండి. అక్కడ నుంచి చంద్రగిరికి వెళ్ళి, ఆగకుండా పనపాకం వైపు పల్లెలలోకి సాగిపోయి, ఎనిమిది గంటలకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే వెనక్కు తిరగండి. ఊరు పేరును బట్టి కాక గడియారాన్ని బట్టి తిరగడం ముఖ్యం. తొమ్మిదిన్నరకు చంద్రగిరికి చేరి, అక్కడే సాయంత్రం దాకా విశ్రాంతి తీసుకోండి. అలా చేస్తే సాయంత్రం మిగిలేది ఇంటి దారి మాత్రమే. ఎవరికైనా ఒంట్లో బాగులేకపోతే ఆటోలో ఎక్కించి పంపగలిగినంత దగ్గర. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, మధ్యాహ్నపు విరామాన్ని అన్నిటికంటే దూరపు చివర పెట్టుకొని, అలిసిన కాళ్ళతో మొత్తం దూరాన్ని సాయంత్రానికి వదిలేయడం.

విజయనగర రాజుల నాటి రాజమహలు కూడా చంద్రగిరిలోనే ఉంది కదా. అందులోని పురావస్తు ప్రదర్శనశాలకు సెలవు శుక్రవారం. ఆదివారం తెరిచే ఉంటుంది. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ మందపాటి గోడల లోపల నిలబడితే బయటి వేడి ఎంత తగ్గుతుందో పిల్లలకు స్వయంగా తెలుస్తుంది. 1639లో చెన్నపట్నం స్థలాన్ని ఆంగ్లేయుల కంపెనీకి ఇచ్చిన నాటి విజయనగర రాజ్యానికి రాజధాని ఇదేనని చెప్పండి, వింటారు.

కొందరు సభ్యులు మంగాపురం నుంచి రంగంపేట, కళ్యాణి డ్యాం వైపు తిరుగుదామని అడుగుతారు. అది శేషాచలం అడవి అంచు. చంద్రగిరి మండలంలో అడవిని ఆనుకున్న పల్లెల తోటలలోకి ఏనుగులు దిగడం ఈ మధ్య తరచుగా వింటున్నాము. మసక వెలుతురులో పిల్లలతో ఆ దారి వద్దు. అదే దారిన ముందుకు పోతే వచ్చే భాకరాపేట ఘాటు అసలే వద్దు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళుతున్న బృందం బస్సు లోయలో పడింది అక్కడే.

వెనకబడేవారి సంగతి. ముందు ఒకరు, చివర ఒకరు బాధ్యత తీసుకోవాలి. ముందున్న వ్యక్తిని ఎవరూ దాటకూడదు, చివరి వ్యక్తి ఎవరినీ దాటకూడదు. చాలా బృందాలు ఇంతటితో సరిపెట్టుకుంటాయి, అయినా మలుపుల దగ్గర మనుషులు తప్పిపోతూనే ఉంటారు. దానికి ఒక మంచి పద్ధతి ఉంది. ప్రతి మలుపు దగ్గర, ముందున్న నాయకుడి వెనుక వస్తున్న మొదటి వ్యక్తి ఆగి, దారి చూపుతూ నిలబడాలి. చివరి సైకిలు వచ్చేదాకా కదలకూడదు. ఆ తర్వాత మలుపుకు మరొకరు. వేగంగా తొక్కేవారే ఎప్పుడూ నాయకుడి వెనుక ఉంటారు కాబట్టి ఆగవలసింది వారే అవుతారు. వారికి వరుస చివరి నుంచి మళ్ళీ ముందుకు చేరుకునే పని దొరుకుతుంది, నిదానస్తులకు ఎవరి కోసమూ పరుగు పెట్టే అవసరం ఉండదు. ఆరుగురికి ఒక గుంపు చొప్పున, గుంపుకూ గుంపుకూ మధ్య బస్సు దూరేంత ఖాళీ వదలండి. ఇరవై అయిదు మంది ఒకే వరుసలో ఉంటే దాటవలసిన బండివాడు సగం దాకా వచ్చి వరుస లోపలికి చొరబడతాడు.

ఇంకొక్క మాట. మధ్యలో ఆగి అందరినీ కలుపుకునేటప్పుడు, చివరి వ్యక్తి రాగానే అందరూ లేచి బయలుదేరడం నేను చాలాచోట్ల చూశాను. అలసిపోయి వచ్చినవారికే విశ్రాంతి దొరకదు. చివరివారు చేరి, నీళ్ళు తాగి, పది నిమిషాలు కూర్చున్న తర్వాతే కదలండి.

తిరుపతి సైకిలు బృందం

ఎంతో ఓపికగా రాశారు, కృతజ్ఞతలు. సూర్యుడి దిక్కు గురించి మా బృందంలో ఎవరికీ తట్టలేదు. 80 కిలోమీటర్లు కావాలన్న కుర్రవాళ్ళకు ఏమని చెప్పాలి? వారిని నిరుత్సాహపరచాలని లేదు.

చిత్తూరు పాతదారి

నిరుత్సాహపరచవద్దు. మంగాపురం దాకా అందరితో కలిసి వచ్చి, అక్కడ నుంచి గట్టిగా తొక్కగలిగిన నలుగురైదుగురిని ప్రత్యేక గుంపుగా దామలచెరువు వైపు పంపండి. అక్కడి మామిడి మండీ ఆ రోజుల్లో తెల్లవారకముందే ట్రాక్టర్లతో కిటకిటలాడుతుంది. చూసి తీరాలి. గాదంకి దగ్గర జాతీయ రహదారి మీదకు ఎక్కక తప్పదు కాబట్టి పెద్దవారే వెళ్ళాలి, వెనుక దీపం వెలుగుతూ ఉండాలి. షరతు మాత్రం మార్చకండి. ఎనిమిదికి ఎక్కడున్నా వెనక్కు తిరగాలి.

సైకిలు తొక్కే వైద్యుడు (సమాధానం)

నేను చిత్తూరులో వైద్యం చేస్తాను. పై సలహాలోని వేళల లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వైద్యపరంగా ముఖ్యమైన కొన్ని సంగతులు మాత్రం చెబుతాను.

ఎండకు శరీరం అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మీ స్థానిక సభ్యుల కంటే, చల్లని గదులలో పనిచేస్తూ సెలవుకు వచ్చినవారి గురించే నాకు ఎక్కువ ఆందోళన. వారు కుర్రవాళ్ళే కావచ్చు, బలంగానే ఉండవచ్చు, కానీ చెమట పట్టే తీరు ఇంకా మారి ఉండదు. వీలైతే యాత్రకు ముందు వారంలో రోజూ ఉదయం కొంతసేపు బయట తొక్కమని చెప్పండి. రక్తపోటుకు మందులు వాడేవారు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు తమ వైద్యుడిని ముందే అడిగి రావాలి. మందులను తమంతట తాము మానేసి రాకూడదు.

నీరు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా సరిపోతుంది. చెమట ఎక్కువ పట్టేవారికి ఇంకొంచెం కావాలి. దాహం వేసినా వేయకపోయినా లీటర్ల కొద్దీ ఉత్త నీళ్ళు తాగించడం కూడా మంచిది కాదు, రక్తంలో సోడియం పడిపోతుంది. రెండు సీసాలు పెట్టుకోమనండి. ఒకదానిలో మామూలు నీరు, రెండవదానిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్ఎస్. పొట్లం మీద ఎన్ని నీళ్ళలో కలపాలని ఉంటే అన్ని నీళ్ళలోనే కలపాలి. సీసా చిన్నదని చిక్కగా కలిపితే మేలు కంటే కీడే ఎక్కువ. విరామంలో ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, రాగి అంబలి చాలా మంచివి. నన్నారి షర్బత్ రుచికి తాగండి, అయితే దానిలోని చక్కెర చెమటలో పోయిన ఉప్పును తిరిగి ఇవ్వదు.

ఇప్పుడు చెప్పబోయేది చివరలో ఉండే బాధ్యుడు తప్పకుండా తెలుసుకోవాలి. తలనొప్పి, వికారం, కాళ్ళు పట్టేయడం, విపరీతమైన నీరసం కనిపిస్తే వెంటనే ఆపి, నీడలో పడుకోబెట్టి, కాళ్ళు కాస్త ఎత్తులో ఉంచి, కొద్దికొద్దిగా ద్రవాలు ఇవ్వాలి. ఆ రోజుకు వారి సైకిలు ప్రయాణం అంతటితో ముగిసినట్లే. అరగంటకు తేరుకున్నారని మళ్ళీ ఎక్కించవద్దు. మాట తడబడడం, అడిగినదానికి పొంతన లేని జవాబు ఇవ్వడం, తూలడం, కోపంగా ప్రవర్తించడం, స్పృహ తప్పడం కనిపిస్తే అది వడదెబ్బ. లోపలి శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉంటుంది. వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు. శారీరక శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండగానే మనిషి కుప్పకూలవచ్చు. 108కు ఫోను చేసి, అది వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా, ఉన్న నీళ్ళన్నీ ఒంటి మీద పోసి, తువ్వాళ్ళతో గట్టిగా విసరండి. ఐసు దొరికితే మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. మీ వెంట ఒక వాహనం ఉంటే అందులో పెద్ద ఐసుపెట్టె, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను, పాత దుప్పట్లు ఉంచండి.

మంగాపురం టీచరు (సమాధానం)

దారి, వేళ, వైద్యం గురించి పెద్దలు చెప్పారు. ఆడవారు కూడా వస్తున్నారని మీ ప్రశ్నలో విడిగా రాయలేదు గాని, వస్తారనే అనుకుంటున్నాను. ఏడు గంటలు విశ్రాంతి అన్నప్పుడు చాలామంది నిర్వాహకులు మామిడితోపు అనేస్తారు. తోపు ఎంత చల్లగా ఉన్నా మరుగుదొడ్డి లేని చోట మేము నీళ్ళు తాగడం మానేస్తాము. ఇంట్లో బయలుదేరేటప్పుడే తగ్గిస్తాము. మే నెల ఎండలో దాని ఫలితం ఎలా ఉంటుందో వైద్యుడు గారి సమాధానం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి విశ్రాంతి స్థలం కల్యాణ మండపమో, సత్రమో, అనుమతి తీసుకున్న బడో కావాలి. తలుపుకు గడియ, లోపల నీళ్ళు ఉన్నాయో లేవో నిర్వాహకులలో ఒక స్త్రీ ముందుగా వెళ్ళి చూసి రావాలి. ఉదయం దారిలో కూడా గంటన్నరకు ఒకసారి అలాంటి చోటు వచ్చేటట్లు చూడండి. పెట్రోలు బంకుల్లో ఉండాలి గాని, కొన్నిచోట్ల తాళం వేసి ఉంటుంది.

మే నెల మూడవ వారం ముహూర్తాలు ఉంటే మండపాలు దొరకవు, ఇప్పుడే మాట్లాడుకోండి. నిదానంగా తొక్కేవారిలో ఆడపిల్లలు ఉంటే చివరి బాధ్యుల్లో ఒకరు స్త్రీ అయితే, ఒంట్లో బాగులేదన్న మాట వారు సంకోచం లేకుండా చెప్పగలుగుతారు.

పనపాకం వైపు రైతు (సమాధానం)

అయ్యా, నేను సైకిలు బృందాలలో లేను. మీరు వచ్చే దారి పక్కన మాకు మామిడితోపు ఉంది కాబట్టి రాస్తున్నాను. మీరు రావడం మాకు సంతోషమే. మా పిల్లలు రోడ్డు మీదకు వచ్చి చేతులు ఊపుతారు. ఊరు మొదట్లో గంట కొట్టుకుంటూ నిదానంగా రండి, ఎందుకంటే వారు రోడ్డు మధ్యలోకి పరిగెత్తుతారు.

మీరు వచ్చేనాటికి బేనీషా (బంగినపల్లి) కోతలు జరుగుతుంటాయి. బెంగళూరా (తోతాపురి) కాయ ఇంకా చెట్ల మీదే ఉంటుంది, జూన్ దాకా గుజ్జు ఫ్యాక్టరీలకు పోదు. రోడ్డు మీదకు వాలిన కొమ్మకు కాయ చేతికి అందుతుంది. దయచేసి ముట్టుకోవద్దు. గత వేసవిలో ఒక బృందం వారు ఫొటోల కోసం కొమ్మలు వంచి, పచ్చికాయలు కోసి, ఒక కాటు కొరికి పారేసిపోయారు. ఆ కాయలకు మేము పూత నాటి నుంచీ మందులు కొట్టి, నీళ్ళు పెట్టి, గాలివానకు రాలిపోకుండా దేవుణ్ణి మొక్కుకుంటూ కాపాడుకుంటాము. పైగా కోసిన తొడిమ నుంచి చిమ్మే సొన చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. చెమట పట్టిన ముఖం మీద పడితే మరీ మంట. మీకు పండ్లు కావాలంటే అడగండి, మాగేసినవి తెచ్చి ఇస్తాము. ధర ఇచ్చి కొనుక్కుంటే మాకూ మంచిదే.

నీళ్ళ సంగతి మీకు తెలియకపోవచ్చు. తోటలలో బోరు ఉంది కదా, పట్టుకుంటాములే అనుకొని వస్తారు. త్రీ ఫేజ్ కరెంటు ఉన్న వేళల్లోనే మోటారు ఆడుతుంది. కరెంటు లేకపోతే గుంటలో నిలిచిన నీళ్ళే ఉంటాయి, అవి తాగేవి కావు. ఊళ్ళో చలివేంద్రం పెట్టి ఉంటే ఒక గ్లాసు తాగండి, మిమ్మల్ని ఎవరూ కాదనరు. అయితే పాతిక మంది సీసాలు నింపుకుంటే ఆ కుండలు ఖాళీ అయిపోయి, కూలికి పోయి వచ్చే ఆడవాళ్ళకు మధ్యాహ్నం చుక్క మిగలదు. మీ నీళ్ళు మీరే బండిలో తెచ్చుకోండి.

రోడ్డు పక్కన ఆగవలసి వస్తే చింతచెట్టు నీడ చూసుకోండి, మా వైపు దారి పొడవునా ఉన్నాయి. ఎండుటాకుల మీద ఊరికే కూర్చోకుండా పట్టా పరుచుకోండి, బూట్లు విప్పితే దులిపి తొడుక్కోండి. తేళ్ళు ఉంటాయి. కుక్కలు వెంటబడితే వేగం పెంచవద్దు. దిగి, సైకిలును మధ్యలో అడ్డం పెట్టుకొని నడిస్తే అవే వెనక్కు పోతాయి. సాయంత్రం పడమట మబ్బు కమ్మి ఈదురుగాలి లేస్తే మాత్రం చెట్ల కింద నిలబడవద్దు. మే నెలలో పిడుగులు పడేది అప్పుడే, కొమ్మలు విరిగేదీ అప్పుడే. ఎవరి ఇంటి వసారాలోకైనా వెళ్ళి నిలబడండి. ఎవరు మీరని అడుగుతారు గాని, పొమ్మని ఎవరూ అనరు.

గేరు సైకిళ్ళ మెకానిక్కు (సమాధానం)

టైర్ల గురించి ఎవరూ చెప్పలేదు. వేసవిలో ఆ పల్లెదారుల అంచున పల్లేరు కాయలు ఎండి రాలి ఉంటాయి, సర్కారు తుమ్మ కంప కొట్టి రోడ్డు వారన లాగిన చోట ముళ్ళు పడి ఉంటాయి. బస్సుకు దారి ఇవ్వడానికి మట్టిలోకి దిగిన ప్రతిసారీ, ఆగినప్పుడు టైరును చేత్తో తిప్పి చూసుకోవాలి. పల్లేరు ముల్లు దిగిన వెంటనే గాలి పోదు. దాన్ని గోటితో పీకేస్తే కొన్నిసార్లు ట్యూబు దాకా పోకముందే బయటపడతారు. పంక్చరు అయితే కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలి వైపు వేలు జాగ్రత్తగా తిప్పి ముల్లు తీసేయండి. అది లోపలే ఉండిపోతే రెండో ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది.

రెండవది వాల్వు. పల్లెలలో పంక్చరు వేసే షాపుల కంప్రెసరు మోటారుసైకిలు వాల్వుకు పట్టేది. లావు టైర్ల గేరు సైకిళ్ళకు చాలావరకు అదే వాల్వు ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. సన్నటి రోడ్డు సైకిళ్ళకు ఉండే సన్నని ప్రెస్టా వాల్వుకు అది పట్టదు. వేలి కొసంత ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే పని జరుగుతుంది. చాలా తక్కువ ధరకే దొరుకుతుంది. దామలచెరువు వెళ్ళే గుంపు తప్పక పెట్టుకోవాలి, బండి వారి వెంట ఉండదు కదా.

అరువు తెచ్చుకున్న సైకిళ్ళ మీద వచ్చేవారికి సీటు ఎత్తు సరిచేసి పంపండి. సీటు మీద కూర్చొని, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. చాలామంది నేలకు కాళ్ళు ఆనాలని సీటు కిందికి దించుకుంటారు, ఇరవై కిలోమీటర్ల తర్వాత మోకాళ్ళు పట్టేస్తాయి.

తిరుపతి సైకిలు బృందం

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ సమాధానాలు మా సభ్యులందరితో చదివించాను. చంద్రగిరిలోనే విశ్రాంతి అని నిర్ణయించుకున్నాము. మరుగుదొడ్లు ఉన్న ఒక కల్యాణ మండపం కోసం మా సభ్యురాళ్ళు ఇద్దరు ఈ వారమే వెళ్ళి చూసి వస్తారు. పనపాకం దారి, ఎనిమిదికి వెనుదిరగడం, మలుపుకు ఒకరు నిలబడడం, నీళ్ళకు సొంత వాహనం, ఇవన్నీ ఖరారయ్యాయి. మధ్యాహ్నానికి రాగి సంగటి, ఊరుమిండి పచ్చడి, మజ్జిగ చాలని పెద్దలు అన్నారు. రైతు గారూ, మీ తోపు ఎక్కడో వ్యక్తిగత సందేశంలో తెలియజేస్తే, వెనక్కు వచ్చేటప్పుడు పండ్లు మీ దగ్గరే కొనుక్కుంటాము. వాహనంలో వేసి పంపుతాము కాబట్టి ఎన్ని బుట్టలైనా ఇబ్బంది లేదు.

ఒక్క సందేహం మిగిలింది. ఆ వారంలో వడగాడ్పులు ఎక్కువగా ఉంటే యాత్రను ఏ దశలో ఆపాలి? అన్ని ఏర్పాట్లూ అయిన తర్వాత వద్దనడం కష్టమవుతుంది.

చిత్తూరు పాతదారి

అందుకే ఆ నిర్ణయం ఆ రోజు మీ మనసుకు వదిలిపెట్టకుండా, ఇప్పుడే రాసి పెట్టుకోండి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో ఏయే మండలాల్లో వడగాడ్పులు ఉంటాయో ముందురోజే జాబితా ఇస్తుంది. శనివారం సాయంత్రం చూడండి. చంద్రగిరి మండలం తీవ్ర వడగాడ్పుల జాబితాలో ఉంటే యాత్ర వాయిదా. మామూలు వడగాడ్పుల జాబితాలో ఉంటే ఉదయపు భాగం మాత్రం తొక్కి, చంద్రగిరి నుంచి పిల్లలనూ పెద్దలనూ బస్సులో ఇంటికి పంపి, సైకిళ్ళను వాహనంలో వేయించండి. మండపానికి బయానా ఇచ్చేటప్పుడే వాయిదా పడితే మరో ఆదివారానికి మార్చుకునే వీలుందా అని అడిగి పెట్టుకోండి. సభ్యుల వద్ద డబ్బు తీసుకునే రోజునే ఈ షరతును వారికి చెప్పండి.